పాపమ్మ వెయ్యని వేలిముద్ర

పృథ్వీ మొదట పెట్టిన పెట్టుబడి నలభై వేలు. దాంతో పూండిలో మూతపడిన జీడిబట్టీ షెడ్డు అద్దెకు తీసుకుని, పాత ఐస్‌క్రీం ఫ్రీజరొకటి కొన్నాడు. ఉద్దానంలో కిడ్నీలు పాడైనవాళ్ల రక్తం విశాఖలో ఒక కంపెనీకి పరిశోధనకు కావాలి. ఉచిత పరీక్షలని బ్యానరు కట్టగానే జనం వాళ్లంతట వాళ్లే వచ్చి చేతులు చాపారు. ఇంత చవకైన సరుకు అతనెక్కడా చూడలేదు.

ఒక్కటే చిక్కు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల బొటనవేళ్లను జీడిరసం తినేసింది. రక్తం ఇస్తున్నామనే సమ్మతి పత్రం మీద నల్లమరక పడుతుంది తప్ప గీతలు పడవు. అందుకని అందరి పత్రాల మీదా మనవాడు తన వేలే నొక్కేశాడు. ఆ తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

చర్చి వీధి పాపమ్మ ఒక్కతే తిరిగొచ్చింది.

"బాబూ, నా రగతం అమ్మేత్తన్నావంట. నాది నాకిచ్చీ. పాతిపెట్టినప్పుడు నాతోటే ఉండాల."

"మంగలి గొరిగిన జుట్టు మళ్లీ అడుగుతావేటి? కాయితం మీద ఏలిముద్ర పడిపోయింది. ఇంక ఎళ్లు."

"నాను ఎయ్యనేదే."

"ఎవులో ఒకులు ఏసారులే."

ఆ వారంలోనే ఆమె పోయింది.

తరవాత ఒకరోజు దీపాలవేళ, కంపెనీ వ్యాను వస్తుందని పృథ్వీ షెడ్డుకెళ్లాడు. కరెంటు లేదు. బయట కొబ్బరాకుల మీద సముద్రపుగాలి. లోపల, ఏళ్లుగా వెలగని బట్టీలోంచి జీడితొక్క కాలుతున్న ఘాటు. ఎవడో తాగుబోతు పని, అనుకున్నాడు.

ఫ్రీజరు లోపల... ఎవరో గోటితో గీకుతున్నారు.

మూత ఎత్తాడు. రక్తం గొట్టాలన్నీ ఖాళీ. కడిగినట్టున్నాయి.

చెవి పక్కనే గుసగుస.

"కాయితం మీద ఏలు నీదే కదా బాబూ..."

"ఎ... ఎవరది?"

"అయితే ఇచ్చినోడివీ నువ్వే. ఇచ్చీ మరి."

తలుపు లాగాడు. రాలేదు. ఫోను తీసి బొటనవేలు ఆనించాడు. తెరుచుకోలేదు. తుడిచి మళ్లీ ఆనించాడు... తెర వెలుగులో వేలు కనిపించింది. నల్లగా, నున్నగా. ఒక్క గీత లేదు.

బయట వ్యాను హారను మోగింది.

అప్పుడు కూడా ఆ బుర్ర లెక్కే కట్టింది, ఒక మనిషి ఒంట్లో ఎన్ని గొట్టాల రక్తముంటుందో. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి మడతలో ఎవరో అప్పటికే స్పిరిట్ దూది పెట్టి ఉంచారు. ఇంకా చల్లగా ఉంది.

పృథ్వీ సూది అందుకున్నాడు.