సాగనంపే కాఫీ

"నవ్వకమ్మా! నీకు దణ్ణం పెడతాను... ఇంకోసారి అలా నవ్వావంటే ఈ ఇంట్లోంచి నేనే వెళ్లిపోతాను!"

జెనీతా అరిచిన అరుపుకు మేడ మెట్ల మీద ఎవరో తలుపు కొద్దిగా తెరిచి, మళ్లీ మూసుకున్నారు. వంటింటి గుమ్మంలో తల్లి జుమ్రా, చేతిలో పితా పళ్లెంతో నిలబడిపోయింది. పల్చటి పిండి రేకులో బంగాళదుంప కూరి, చుట్ట చుట్టి కాల్చి, ఇప్పుడే మళ్లీ వేడి చేసి తెచ్చిన పితా... పొగలు కక్కుతోంది. ఆమె మొహం మీద నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరో మేకు కొట్టి తగిలించి పోయినట్టు అలాగే ఉంది!

జరిగింది పెద్ద విషయమేమీ కాదు. కింది వాటా ఫారుక్ తన ఇంటి కప్పు కారుతోందని కేకలేసుకుంటూ పైకి వచ్చాడు. నీళ్లు కారుతున్నది వీళ్ల గొట్టంలోంచి కానే కాదు, మూడో అంతస్తులోంచి. ఆ సంగతి మేడంతటికీ తెలుసు. కానీ మూడో అంతస్తులో ఉండేది ఆరడుగుల మాజీ మల్లయోధుడు. ఫారుక్ శౌర్యం అంత ఎత్తు ఎక్కలేదు, ఒంటరి ఆడవాళ్ల గుమ్మం దగ్గరే ఆగిపోయింది. జుమ్రా ఏం చేసింది? "తప్పు మాదే నాయనా!" అంది. గుమ్మంలో అతను విడిచిన బూట్లను, వెళ్లేటప్పుడు కాళ్లు దూర్చుకోవడానికి వీలుగా బయటివైపు తిప్పి పెట్టింది. కూర్చోబెట్టింది. ఆ ఊళ్లో చుట్టానికి మూడు కాఫీలు ఇవ్వడం ఆచారం. రమ్మనే కాఫీ ఇచ్చింది, మాటల కాఫీ ఇచ్చింది, పితా పెట్టింది. అతను తిట్టిన ప్రతి తిట్టుకూ పకపకా నవ్వింది. సాగనంపే కాఫీ ఒక్కటే ఇవ్వలేదు. ఆ మూడో కాఫీ ముందుకొస్తే ఎంత మొద్దు చుట్టమైనా లేచి బూట్లు వెతుక్కోవలసిందే కదా! జుమ్రా ఆ కాఫీ ఎవరికీ పెట్టదు. ఈ ఇంటికి వచ్చినవాళ్లు తమంతట తాము లేవాలి తప్ప లేపే దిక్కు లేదు. ఫారుక్ చీకటి పడేదాకా కూర్చుని, మూతి తుడుచుకుంటూ వెళ్లాడు.

"వాడు నోటికొచ్చినట్టు తిడుతుంటే పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతావా? సిగ్గనేది లేదా అమ్మా నీకు?"

"అరిస్తే అరిచాడులేవే, పాపం ఆకలి మీదున్నట్టున్నాడు... నువ్వు తిన్నావా? అంచు ముక్క నీకే ఉంచాను, కరకరలాడుతోంది..."

"ఆ రోజూ ఇలాగే నవ్వావు!"

అనేసింది జెనీతా. ఇరవై ఏళ్లుగా గొంతులో ముల్లులా దిగబడి ఉన్న మాట, ఒక్క క్షణంలో బయటపడిపోయింది!

ఆ రోజు అంటే... యుద్ధం నాటి ఆ చలికాలం. జెనీతాకు ఎనిమిదేళ్లు. నాన్న పోయి నెల కూడా కాలేదు. ఊరవతల పాత ఇంట్లోకి తుపాకులతో మనుషులు వచ్చారు. గోడవారన కూర్చునే చెక్క బల్ల కింది అరలో, దుప్పట్ల మధ్య జెనీతాను దాచింది తల్లి. వాళ్లు వచ్చి సరిగ్గా ఆ బల్ల మీదే కూర్చున్నారు. బురద బూట్లయినా విప్పలేదు. చీకట్లో ముడుచుకున్న పిల్లకు పైనుంచి వినిపించింది ఒక్కటే... అమ్మ నవ్వు! గట్టిగా, పెళ్లింట్లో నవ్వినట్టు... నాన్నను చంపినవాళ్ల తాలూకు మనుషులతో! ఆ నవ్వు ఆ పిల్ల చెవుల్లోంచి నేటికీ పోలేదు. తల్లికి మందులు తెచ్చింది, కోటు కొంది, ఏ లోటూ రానివ్వలేదు. ఒక్క ప్రేమ మాత్రం పూర్తిగా ఇవ్వలేకపోయింది.

జుమ్రా పళ్లెం బల్ల మీద పెట్టింది. "చల్లారిపోతుందే..." అంది. నవ్వుతూనే అంది. తెల్లారేసరికి చిన్న సంచీ సర్దుకుని, ద్రీనా నది వంతెన దాటి చెల్లెలు హసీబా ఇంటికి వెళ్లిపోయింది. పొయ్యి మీద మాత్రం కూతురికి సూప్ వండి, మూత పెట్టి మరీ వెళ్లింది!

జెనీతా చేసే ఉద్యోగం ఏమిటనుకున్నారు? గొరాజ్దే ఊళ్లో ఆడవాళ్ల సలహా కేంద్రంలో మనసు వైద్యం! యుద్ధంలో లోపల విరిగిపోయినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి, మళ్లీ మామూలు మనుషుల్ని చేయడం ఆమె పని. గోడ మీద పట్టాలు కూడా ఉన్నాయి. ఊరందరి లోపలా తొంగి చూసే చదువు, సొంత వంటింటి గుమ్మం దగ్గర ఏం చేసిందో దేవుడికే తెలియాలి.

ఆ ఉదయం ఆమె ముందుకు ఫాదిలా వచ్చింది. యాభై దాటిన మనిషి. నెలల తరబడి వస్తోంది. వచ్చినప్పుడల్లా తెల్ల గుడ్డలో పితా మూట. "నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను. నువ్వే చిక్కిపోయావు, ముందు తిను!" అంటుంది. ఏడవదు. ఏది అడిగినా "అవును బంగారం, నువ్వన్నదే నిజం" అంటుంది. జెనీతాకు ఆమె అంటే ఎంతో ముద్దు. "ఈవిడ పూర్తిగా కోలుకుంది రామిజా అక్కా, ఇక రానవసరం లేదని చెప్పేస్తాను" అని ముందు రోజే కేంద్రంలోని పెద్దావిడ రామిజాతో అంది. "నేనూ ఒకసారి కూర్చుంటానులే" అంది రామిజా. ఇవాళ ఆమె కూడా గదిలో ఓ మూల కుర్చీలో ఉంది.

ఇంతలో గాలికి కిటికీ రెక్క ధడాలున గోడకు కొట్టుకుంది!

జెనీతా ఉలిక్కిపడింది. ఫాదిలా ఉలిక్కిపడలేదు. పకపకా నవ్వింది! గబగబా మూట విప్పి, పితా ముక్కలు కోసి, "తినండి తినండి, వేడి మీదే బాగుంటుంది... జున్ను ఎక్కువ వేశాను... తినండమ్మా..." అంటూ ఇద్దరి చేతుల్లోనూ కుక్కేసింది. నవ్వు ఆగదు, చేతులు ఆగవు.

రామిజా ముక్క అందుకుంది. తోసెయ్యలేదు... పెట్టిన తిండిని తోసెయ్యడమంటే ఆ ఊళ్లో మొహాన కొట్టడమే. మెల్లగా అడిగింది. "ఫాదిలా, నీకు ఏ పితా ఇష్టమమ్మా?"

"మీకేదిష్టమైతే అదే అక్కా!"

"నేను కాదు. నువ్వు. ఎవరూ లేనప్పుడు, నీ ఒక్కదాని కోసం ఏది వండుకుంటావు?"

ఫాదిలా నోరు తెరిచింది. నవ్వు పెదవుల చివర కాసేపు వేలాడి, రాలిపోయింది. చేతిలోని కత్తి పక్కన పెట్టేసింది. "తెలీదు..." అంది చివరికి, చిన్నపిల్లలా. "నా కోసం... ఎప్పుడూ వండలేదు... వాళ్లకు కోపం రాకుండా ఉంటే చాలనే..." ఆపైన ఏడుపే. ఇన్ని నెలల్లో మొదటి ఏడుపు!

ఆమెను ఓదార్చి, ఇంటికి పంపించాక రామిజా తలుపు మూసింది.

"భయపడ్డవాళ్లందరూ వణుకుతారనుకున్నావా పిల్లా? కొందరు పారిపోతారు, కొందరు తిరగబడతారు, కొందరు రాయిలా బిగుసుకుపోతారు. అవి మన కంటికి ఇట్టే ఆనుతాయి. ఇంకొందరు ఉంటారు... నవ్వుతారు, వండుతారు, వడ్డిస్తారు. ఎదుటి మనిషి కడుపు నిండితే తమ మీద చెయ్యి పడదని ఎప్పుడో, ఏ గదిలోనో నేర్చుకున్నారు. ఈ ఊళ్లో వాళ్లను పట్టుకోవడం మరీ కష్టం. ఎందుకంటే మనం దాన్ని మర్యాద అనుకుంటాం, మంచి ఇల్లాలు అని మెచ్చుకుంటాం! నెలల తరబడి ఆమె నీకు ప్రేమతో పితా తెచ్చిందనుకున్నావు. నువ్వు తనను కొట్టకుండా ఉండడానికి తెచ్చింది!"

జెనీతా చేతిలోని ముక్క కింద పడింది.

"అక్కా..." అంది. "అక్కా, మా అమ్మ..."

రామిజా ఆమె కోటు తీసి చేతిలో పెట్టింది. "పో!" అంది.

హసీబా తలుపు తీస్తూనే రెండు చేతులూ జోడించింది. "వచ్చావా తల్లీ! తీసుకెళ్లవే మీ అమ్మను! పొద్దుటి నుంచి నా వంటింట్లో నన్నే చుట్టాన్ని చేసి కూర్చోబెట్టింది. పొయ్యి తోమింది, పరదాలు ఉతికింది, మా ఆయన సాక్సులకు కూడా ఇస్త్రీ చేసింది! పెళ్లయిన నాటి నుంచి ఆయన నన్ను అలా చూడలేదు, సాక్సుల్ని చూసి మురిసిపోతున్నాడు! విసుగెత్తి సాగనంపే కాఫీ కూడా పెట్టాను. తాగి, కప్పు కడిగి, ఉల్లిపాయలు ముందేసుకుంది!"

"పిన్నీ, నువ్వు కాసేపు..."

"ఆ, అర్థమైందిలే. రొట్టె కొనుక్కొస్తాను. తొందరగా రానులే!"

జుమ్రా తలెత్తి చూసింది. వెంటనే నవ్వు వచ్చేసింది మొహం మీదికి. "వచ్చావా! తిన్నావా? ఇదిగో రెండు నిమిషాలు..." అంటూ లేవబోయింది. జెనీతా ఆమె ముందు నేల మీద కూలబడింది. ఉల్లి తడి అంటిన ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా... నవ్వక్కర్లేదమ్మా. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. నేను అరవను. నిన్ను ఎవరూ ఏమీ చెయ్యరు. ఆ రోజు నువ్వు భయంతో నవ్వావు. నాకు అర్థం కాలేదమ్మా... ఊరందరికీ చెబుతాను, నాకే అర్థం కాలేదు!"

జుమ్రా నవ్వు కొద్దికొద్దిగా, వదల్లేక వదల్లేక జారిపోయింది. దాని కింద ఉన్న ముసలి మొహాన్ని జెనీతా మొదటిసారి చూసింది.

"నీకు దగ్గు..." అంది జుమ్రా మెల్లగా.

"ఏమిటమ్మా?"

"ఆ చలికాలమంతా నీకు దగ్గు. వాళ్లు నీ నెత్తి మీదే కూర్చున్నారు. నువ్వు దగ్గబోతున్నావని నాకు ముందే తెలిసిపోయేది, బల్ల చెక్క కొంచెం అదిరేది... అప్పుడు నవ్వేదాన్ని. గట్టిగా దగ్గితే గట్టిగా నవ్వేదాన్ని. ఏం చెప్పి నవ్వానో కూడా తెలీదే... వాళ్లలో ఒకడు మన వీధి వాడే, బస్సు నడిపేవాడు. మన ఇంట్లో ఎన్నిసార్లో కాఫీ తాగాడు. అందుకని కాఫీ పెట్టాను. రమ్మనే కాఫీ. తర్వాత మాటల కాఫీ. నీకు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. ఇక లాభం లేదని... మూడోది కూడా తెచ్చి ముందు పెట్టాను. సాగనంపే కాఫీ! చంపేస్తారనే అనుకున్నాను. వాడు తాగాడు. కప్పు కింద పెట్టాడు. లేచాడు. వాడు లేస్తే అందరూ లేచారు. అలవాటమ్మా... వాళ్లమ్మ నేర్పిన అలవాటు. ఎందుకు లేచాడో వాడికే తెలిసుండదు..."

జెనీతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా? ఇన్నేళ్లు నిన్ను... నేను నిన్ను..."

"ఎలా చెప్పనే? చెబితే, నా దగ్గు వల్లే అమ్మ వాళ్ల ముందు అలా నవ్వాల్సి వచ్చిందని కుమిలిపోయేదానివి. ఎనిమిదేళ్ల పిల్లవి... దానికంటే నా మీద కోపమే నయమనిపించింది. నీ కోపం నేను మోయగలను. ఆ బరువు నువ్వు మోయలేవు."

అయ్యో! ఆ కూతురి ఏడుపు ఏమని చెప్పను! తల్లి ఒళ్లో తల దూర్చి, ఎనిమిదేళ్ల పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. జుమ్రా కూడా ఏడ్చింది... దాచుకోకుండా, మొహం వికారంగా ముడతలు పడేలా, ఉల్లిపాయల మీద నింద వెయ్యకుండా.

కాసేపటికి జెనీతా కళ్లు తుడుచుకుని లేచింది. "కదలకు. ఇవాళ కాఫీ నేను పెడతాను."

"నువ్వెందుకే, నేను..."

"కూర్చోమన్నానా!"

జుమ్రా కూర్చుంది. కుర్చీ అంచున, పరాయి ఇంట్లో పిల్లలా కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో కలిపి పట్టుకుంది. జెనీతా రాగి గిన్నెలో కాఫీ కాచి, చిన్న కప్పులో పోసి, పక్కన పంచదార బిళ్ల పెట్టి అందించింది. తల్లి ఒక గుక్క తాగింది. ఇరవై ఏళ్లలో ఎవరు ఏది పెట్టినా "అమృతంలా ఉంది" తప్ప ఇంకో మాట ఎరగని మనిషి... కప్పులోకి చూసింది, కూతురి వంక చూసింది, మొహం చిట్లించింది.

"ఇది కాఫీయా, గిన్నెలు కడిగిన నీళ్లా? ఇంత చదివావు, కాఫీ కాచడం రాలేదేమే నీకు?"

జెనీతా తల్లిని గట్టిగా వాటేసుకుంది. "ఇంకోసారి తిట్టమ్మా! ఇంకో మాట అను!"

"వదలవే, ఒలికిపోతుంది!" అంది జుమ్రా. కప్పు మాత్రం కింద పెట్టలేదు. ఆ కడుగునీళ్లనే చివరి చుక్కదాకా తాగింది. రెండోదీ తాగింది. ఆమె ఖాళీ కప్పు చేతిలో తిప్పుతూ, వెళ్లే వేళైందేమోనన్నట్టు తలుపు వైపు చూసింది.

"మరి మూడోది?"

జెనీతా ఆ చేతిలోంచి కప్పు తీసుకుంది. రాగి గిన్నె కడిగి, తుడిచి, అలమరలో పెట్టి తలుపు వేసేసింది.

"నీకు మూడో కాఫీ లేదమ్మా" అంది. "ఏ ఇంట్లోనూ లేదు."