నలభై ఒక్క కాళ్లకు సున్నా మార్కులు

“తిప్పతీగ చేదా?”

“మన ఆఫీసు కాఫీ కన్నా నయం.”

కోడ్ సరిపోయింది. చీఫ్ ఏజెంట్ ముందు ఫైలు పడేశాడు. “మూలికల మీద పరిశోధన. ప్రభుత్వ గ్రాంటు. ఒక వైద్యుడు ఆకుపసరుతో షుగర్ పుండ్లు మాన్పుతున్నాడు. తీసేయాల్సిన కాళ్లు నలభై ఒకటి కాపాడాడు. ఆ ఫార్ములా కోసం విదేశీ ముఠా కాచుక్కూచుంది. ఇవాళ నాలుగింటికల్లా కమిటీ తేల్చేస్తుంది. ప్రాజెక్టు మూసేస్తే వైద్యం ఆగిపోతుంది, ఫైలు తుక్కు లారీ ఎక్కుతుంది. లారీ ముఠాది.”

“లోపల మనవాళ్లు?”

“కన్వీనర్ మేడమ్. నమ్మొచ్చు.”

నెరిసిన గడ్డం, గుండుసూదులు పేల్చే పెన్ను, ఐదో సభ్యుడి కార్డు తగిలించుకుని ఏజెంట్ మూడో అంతస్తులోని కమిటీ గదిలో కూర్చున్నాడు. మేడమ్ నవ్వింది. ఆ నవ్వుకి ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుంది.

ఫారమ్ తిరగేశాడు. పేపర్లెన్ని? సెమినార్లెన్ని? రంగుల ఫోటోలెన్ని? మానిన పుండ్లకు గడే లేదు. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఒక రూలుంది: సంతకం వేళ ఐదుగురూ గదిలో లేకపోతే ప్రాజెక్టుకు ఆరు నెలల పొడిగింపు.

“పేపర్లెన్ని?” ఛైర్మన్ ఆవలించాడు.

“కాళ్లండీ, నలభై ఒకటి,” అన్నాడు వైద్యుడు.

“కాళ్లెవడికి కావాలయ్యా? పేపర్లు!”

“కట్లు కట్టడంతోనే సరిపోయిందండీ.”

“సున్నా! ఇందాకటాయన్ని చూసి నేర్చుకో. తులసి మీద తొంభై పేపర్లు. ఒక్క రోగిని ముట్టుకోలేదు. ఎంత శుభ్రమైన పని!”

ఏజెంట్ వందకి వంద వేశాడు. మిగతా నలుగురూ సున్నా చుట్టారు. మేడమ్ వంగి, అతని పక్కటెముకలకు పిస్తోలు ఆనించింది. “కదలకు హీరో. నా రెండో జీతం ముఠాదే.”

“కమిటీకి ఎంత తినిపించారు?”

“పైసా లేదు. మీ ఫారమ్ చదివాం, అంతే.”

ఏజెంట్ వేలు మెల్లగా పెన్ను మీదికి జరిగింది.

నాలుగింటికి ఇంకా ఒక్క సెకను. ఛైర్మన్ పెన్నుకీ కాగితానికీ మధ్య వెంట్రుకవాసి. ఏజెంట్ తన పెన్ను నొక్కాడు. గుండుసూది మేడమ్ మణికట్టులో దిగింది, పిస్తోలు జారింది. ఐదో సభ్యుడు కిటికీలోంచి దూకేశాడు.

కింద తుక్కు లారీ. నిండా పరిశోధన నివేదికలు. మెత్తగా పడ్డాడు. ఇరవయ్యేళ్లలో అవి ఒక మనిషికి పనికొచ్చింది అదే మొదటిసారి.

పైన ఛైర్మన్ తలలు లెక్కపెట్టాడు. “నలుగురమేనా? సరే, పొడిగింపు రాయండి. టీ ఏదీ?”

డ్రైవర్ని అప్పటికే చీఫ్ మనుషులు పట్టుకున్నారు. మేడమ్‌ని బేడీలతో కిందికి దింపారు.

“ఆ ఫారమ్ రాసినవాణ్ణి కూడా లోపలెయ్యండి. మా ముఠాలో అంత పనిమంతుడు లేడు,” అంది.

చీఫ్ చేదు తిన్నట్టు మొహం పెట్టాడు. “వాడు మావాడే తల్లీ. మొన్ననే ప్రమోషనిచ్చాం.”