పెళ్లికాని ఖజాన్

షిఫ్రా మొదటిసారి జాన్వెల్‌తో మాట్లాడింది దెప్పిపొడవడానికే.

"ప్రార్థన పాడుతూ చివరి మాటని అంతసేపు సాగదీశారు. మేడమీద ఆడవాళ్లలో సగంమంది కునుకు తీశారు."

"మిగతా సగం?"

"ఆకలికి మేలుకునే ఉన్నారు."

అతను నవ్వేశాడు.

షిఫ్రా తండ్రి ఆ ఊరి యూదుల ప్రార్థనా మందిరం సినగాగులో ముప్పై ఏళ్లు ఖజాన్‌గా ప్రార్థనలు పాడి, పోయినేడు కన్నుమూశాడు. ఆ చోటు కోసం జాన్వెల్ విల్నా నగరం నుంచి వచ్చాడు. ఊరివాళ్లకు పాత రాగాలే కావాలి. అవి ఇప్పుడు షిఫ్రాకు మాత్రమే వచ్చు. కానీ ఆడపిల్ల పాట పరాయి మగవాడు వినకూడదు. అందుకని ఆమె వంటింట్లో పిండి పిసుకుతూ తనకోసమే అన్నట్టు కూనిరాగం తీసేది. అతను ముందు గదిలో షిఫ్రా తల్లి దగ్గర కూర్చుని, ఏమీ విననట్టే నేర్చుకునేవాడు.

రాగాలన్నీ వచ్చేశాక కూడా అతను రావడం మానలేదు. వేసవి అంతా షిఫ్రా ఒక్క మాట కోసం ఎదురుచూసింది.

వేసవి వెళ్లాక వచ్చే యూదుల కొత్త సంవత్సరం ఇంకా మూడు వారాలుందనగా అతను రొప్పుతూ వచ్చాడు.

"షిఫ్రా, మనం పెళ్లి చేసుకుందాం. వచ్చే మంగళవారమే."

ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"అంత తొందరేం వచ్చింది?"

"పండగల్లో ఊరందరి తరఫునా పాడేవాడు పెళ్లయినవాడై ఉండాలట. పెద్దలు పొద్దున చెప్పారు."

"నిన్న రెండు గంటలు ఇక్కడే కూర్చున్నారు. అప్పుడు అడగలేదేం?"

"నిన్న నాకీ సంగతి తెలీదుగా."

అనేశాక అతనికే అర్థమైంది. "అది కాదు. నువ్వంటే ఇష్టమే నాకు."

"పెద్దలు బ్రహ్మచారైనా పర్లేదని ఉంటే?"

అతను ఆలోచించాడు. షిఫ్రాకు అది చాలు.

"వెళ్లండి. మంగళవారానికి ఇంకా వ్యవధి ఉంది."

ఆ మంగళవారమే తోళ్ల వ్యాపారి చిన్నకూతురు రోదల్‌తో అతని పెళ్లయింది.

ఆ పండగల్లోకెల్లా పెద్దదైన ప్రాయశ్చిత్త దినం సాయంత్రం సినగాగు కిక్కిరిసింది. మేడమీద చదువురాని ఆడవాళ్లకు ఖజాన్ పాడేదానికి అర్థం చెప్పే పని షిఫ్రాది. కింద జాన్వెల్ ఆమె తండ్రి రాగం అందుకున్నాడు. ఎక్కడా తప్పు పోలేదు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

పక్కనున్న కొత్త పెళ్లికూతురు ఆమె చెయ్యి తట్టింది. "అక్కా, మా ఆయన ఏమంటున్నారు?"

"మనం చేసే ప్రమాణాలేవీ చెల్లవంటున్నారు."

రోదల్ ముఖం చిన్నబోయింది. "మరి మా పెళ్లో?"

"అది చెల్లుతుందమ్మా," అంది షిఫ్రా.