ఎనభై దాటొద్దన్న ఈదయ్య

ఆదివారం పొద్దున ఆరున్నరకు లక్ష్మీనర్సమ్మ వంటింట్లో పులిహోర కలుపుతోంది. పక్కింటి సరోజనతో, వీధిలోని ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి వాడపల్లి శివాలయానికి బయల్దేరుతోందామె. మూసీ కృష్ణలో కలిసేచోట కార్తీకస్నానం చేయాలని మూడేళ్లుగా అనుకుంటోంది.

ముందుగదిలో ఆమె భర్త ఈదయ్య కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఎదురుగా స్విచ్చుబోర్డుకు మూడు ఫోన్లు వేలాడుతున్నాయి.

"డెబ్బై ఆరు," అన్నాడు తనలో తానే.

ఈదయ్య మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాడు. మీటర్లో ముల్లు ఎర్రగీత దాటకుండా చూడటమే ఆయన కొలువు. పోయిన ఉగాదికి మానేశాడు. నెల తిరగకుండానే ఫోను బ్యాటరీల మీద ఏదో వీడియో చూశాడు. ఇరవైకి తగ్గనీయకూడదు, ఎనభై దాటనీయకూడదు, వేడి తగలనీయకూడదు, అప్పుడే బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుందని అందులో చెప్పారట. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ ఫోనూ ఎనభై ఒకటిని చూడలేదు. కొడుకు శ్రీహరి లారీ మీద తిరుగుతాడు కాబట్టి బతికిపోయాడు. ప్రైవేటు బడిలో టీచరుగా చేసే కోడలు వందన మాత్రం దొరికిపోయింది.

"మామా, అత్తమ్మ దూరం పోతున్నది. ఇయ్యాల ఒక్కరోజు నిండ పెట్టనియ్యిన్రి," అంది వందన.

"ఎనభై అంటేనే నిండ బిడ్డా. బాయిలర్ల నీళ్లు అంచుదాంక పోస్తరా? ఆవిరికి జాగ ఉండాలె గద."

ఐదేళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతున్న వందన నెత్తి కొట్టుకుంది. ఈదయ్య సరిగ్గా ఎనభై దగ్గర ఫోను పీకి భార్య చేతిలో పెట్టాడు.

"ఎండల పెట్టకు. వీడియోలు తెరవకు."

"మాట్లాడొచ్చా?"

"అక్కరుంటేనే."

ఎనిమిది గంటలకు ఆయనే మొదటి ఫోన్ చేశాడు.

"ఎంతున్నదే?"

"ఐదుగురం ఉన్నం. ఆటో ఇరుకిరుకైంది."

"మనుషులు గాదు, పర్సెంటు!"

అరగంటకోసారి అదే ప్రశ్న. తడిబట్టలతో ఒడ్డు మీద ఉన్నప్పుడు ఒకటి, గుళ్లో క్యూలో ఉన్నప్పుడు రెండు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చేస్తే ఫోను స్విచ్చాఫ్ అని వచ్చింది. రెండింటికల్లా ఇంట్లో ఉంటామన్న మనుషులు మూడైనా రాలేదు.

ఈదయ్యకు నది గుర్తొచ్చింది. దాని లోతు గుర్తొచ్చింది. లక్ష్మీనర్సమ్మకు ఈత రాదన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. వెంటనే సరోజనకు ఫోన్ చేశాడు. గోడ అవతల నుంచి రింగు వినిపించింది. సరోజన కోడలు స్వరూప ఆ ఫోను పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది.

"మా అత్త ఇంట్లనే ఇడిసిపెట్టి పోయింది పెద్దనాయినా. ఎండకు తీస్కపోతే బ్యాటరీ ఖరాబైతదని మీరే జెప్పిన్రట గద."

నాలుగింటికి వందన స్కూటీ తీసింది. ఈదయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెనక కూర్చున్నాడు. వీధి చివర మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆటో వచ్చి ఆగింది. అందులో నుంచి ఐదుగురూ నవ్వుకుంటూ దిగారు. దామరచర్ల దగ్గర టైరు పంక్చరైందట.

"ఎటు బోతున్నరు ఇద్దరు?" అని అడిగింది లక్ష్మీనర్సమ్మ.

"ఫోనెందుకు బంద్ జేసినవ్?" ఈదయ్య వీధి దద్దరిల్లేలా అరిచాడు.

ఆమె విసవిసా ఇంటివైపు నడిచింది. లోపలికొచ్చాక ఫోను కోడలికిచ్చింది. వందన దాన్ని చార్జింగుకు పెట్టి, తెరుచుకున్నాక చూసింది.

"మామా, మీ లెక్క తప్పేం కాదు. కొత్త ఫోనుకు అది మంచిదే. కానీ ఇది నాలుగేండ్లది, బ్యాటరీ అరిగిపోయింది. దీంట్ల ఎనభై అంటే కొత్తదాండ్ల సగమంత గూడ రాదు. పైనుంచి పొద్దటిసంది పదకొండు కాల్స్ వచ్చినయ్. పదకొండూ మీవే."

"నేను జేసినయేనా?"

"నువ్వు గాక నాకెవరు జేస్తరు?" అంటూ లక్ష్మీనర్సమ్మ లేచింది. "గంగల మునిగి లేస్తే ఫోను. శివునికి దండం పెడితే ఫోను. పదకొండుసార్ల ఒక్కసారన్న తిన్నవా అని అడిగినవా? ఆడ ఎట్లున్నదని అడిగినవా? మూడేండ్లసంది పోతా పోతా అన్న జాగ అది. నువ్వు నా పానం గురించి కాదు, దాని పానం గురించి పరేషానైనవ్!"

వందన మెల్లగా వంటింట్లోకి జారుకుంది. ఈదయ్య కుర్చీలో కూలబడ్డాడు.

"అది బందైనంక నాకు కాళ్లు చేతులు ఆడలేదే," అన్నాడు. "ముప్పై ఏండ్లు ఆ ముల్లును సూసిన. రెప్ప కొడితే లోపల పన్జేసెటోళ్లు పోతరని భయముండె. ఇప్పుడు సూసెతందుకు ఏం లేదు. పొద్దుగాల లేస్తే ఎవరికీ నాతోని పన్లేదు. మీ ఫోన్లన్న సూస్కుందామనుకున్న. నీకేమన్న అయితే..." ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన కన్నీళ్లు చూడటం ఆమెకిదే మొదలు. కోపం ఎటు పోయిందో పోయింది. దగ్గరికొచ్చి కొంగుతో ఆయన మొఖం తుడిచింది.

"ఊకో. ఆ నీళ్లు ఫోను మీద పడితే ఖతం అయితది."

వంటింట్లో వందన నవ్వు ఆపుకోలేక చెంబు జారవిడిచింది. ఈదయ్య కూడా ఏడుపులోనే నవ్వాడు. తర్వాత తనే పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చి భార్య ముందుంచి, కింద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"తిను. తినుకుంట జెప్పు. ఎట్లున్నది ఆడ?"

లక్ష్మీనర్సమ్మ ముద్ద కలుపుతూ ఆయన వైపు అనుమానంగా చూసింది. నిజంగానే అడుగుతున్నాడని తేలాక ఆమె మొఖం విప్పారింది.

"రెండు నీళ్లు కలిసేకాడ నిలబడితే..." అంటూ మొదలుపెట్టింది. చీకటి పడేదాకా చెబుతూనే ఉంది. ఈదయ్య మధ్యమధ్య "ఆఁ, మల్ల?" అంటూ వింటూనే ఉన్నాడు.