నాలుగు వందల పన్నెండు నిరాకరణలు

సునంద వెదురుపుల్లను ముప్పై రెండో వైర్‌లెస్ సెట్టు పొట్టలోకి దించి, తీగచుట్ట నడుమనున్న గింజను పావు చుట్టు తిప్పింది. ఇనుప మొన తగిలితే చుట్ట శ్రుతి తప్పుతుంది. అందుకే పోతురాజు అగరొత్తి పుల్లను గాజుపెంకుతో గీకి ఈ పనిముట్టు చేసిచ్చాడు. పెళ్ళయి ఇరవై మూడు రోజులు. మొగుడిచ్చిన కానుకల్లో ఆమెకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. సాంబ్రాణి వాసన ఇంకా పోలేదు.

గింజ కుదరగానే తెర వెలిగింది. సెట్టు 32. ఉప్పు మళ్ళు, తూర్పు గట్టు. నిరాకరణలు: 412.

మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. మీట నొక్కితే సెట్టు ముందు సంస్థ సిగ్నల్ గోపురాన్ని అడుగుతుంది. గోపురం సరేనంటేనే మాట బయటికి పోతుంది. కాదన్నా, అసలు పలకకపోయినా అదొక నిరాకరణ. శుద్ధి విభాగంలో సునంద పని వాటిని తుడిచేసి ముద్ర వేయడం.

తుడవకుండా చిట్టా తెరిచింది. రెండు నెలల కిందటి తుఫాను రోజు. మధ్యాహ్నం రెండూ పది నుంచి మూడూ ఇరవై దాకా, దాదాపు పది సెకన్లకోసారి ఎవరో మీట నొక్కారు. గోపురం రెండింటికే కూలిపోయింది. ప్రతిసారీ సెట్టుదే ఒకటే జవాబు: మాటకు అనుమతి లేదు.

ఆ సెట్టు ఉప్పు మళ్ళలో పనిచేసిన నాంచారమ్మది. సునంద పెళ్ళికి తలంబ్రాలు నేనే కలుపుతానన్న మనిషి. గట్టు తెగి నీళ్ళలో చిక్కుకుంది. ఆరు వందల మీటర్ల అవతల, రెండో పంపు మీద, పోతురాజు ఇలాంటి సెట్టే చేతబట్టుకుని ఆమె ఎటుందో తెలియక వెతుకుతూనే ఉన్నాడు.

"చదువుతన్నావేందమ్మా? తుడిచేది మన పని." పర్యవేక్షకుడు అచ్యుతరావు వెనక నిలబడ్డాడు. "సాయంత్రానికి నలభై సెట్లూ మళ్ళకి పోవాల. ఎల్లుండి ఇంకో తుఫానంట."

"ఆరొందల మీటర్లు సార్! ఈ సెట్టు నేరుగా పలికితే ఐదారు కిలోమీటర్లు పోద్ది. నాంచారమ్మత్త బతికుండేది."

"నేరుగా పలికితే ఇంక గోపురమెందుకు, సంస్థెందుకు?"

"నేనూ అదే అడిగేది."

"కొత్త పెళ్ళికూతురివి, నీకెందుకీ గొడవ? ఆ జామముక్కలు తిని పని కానీ."

పోతురాజు కోసిచ్చిన ముక్కలు. మళ్ళలో ఉప్పే, కారం కలిపి చల్లాడు. ఒకటి నోట్లో వేసుకుంది. కమ్మగా ఉంది. ఆ కమ్మదనానికే కడుపు మండిపోయింది. ఊరందరికీ ఉప్పు పెట్టే మనిషి, చచ్చిపోతూ కూడా అనుమతి అడుక్కోవాలా? ఎల్లుండి పోతురాజు కూడా ఇలాగే మీట నొక్కుతూ కూర్చోవాలా?

సంస్థ వాడే రేడియో తరంగాల పట్టీకి కాస్త దిగువన హామ్ రేడియో ఔత్సాహికుల పట్టీ ఉంది. అక్కడ గోపురాల్లేవు, అడగడాల్లేవు. కాలేజీ రోజుల్లో పరీక్ష రాసి సునంద అక్కడ మాట్లాడే హక్కు సంపాదించుకుంది. ప్రాణం మీదికొస్తే ఎవరైనా పిలవొచ్చన్నది ఆ పట్టీ నియమం. తన పిలుపుపేరు చెప్పకుండా మాట్లాడకూడదన్నది ఇంకో నియమం. హక్కు లేనివాళ్ళ చేతికి ఆ పట్టీ ఇస్తే ఉద్యోగంతోపాటు పిలుపుపేరూ పోతుంది.

సునంద కత్తెర తీసింది. సెట్టు లోపలి పలక మీద అనుమతి అడిగే తీగముడిని కత్తిరించింది. పుల్లతో గింజను అర చుట్టు వెనక్కి తిప్పింది. మీటరు ముల్లు ఔత్సాహికుల పట్టీలో, నూట నలభై ఐదు మెగాహెర్ట్జ్ దగ్గర నిలబడింది. తర్వాత ముప్పై మూడో సెట్టు అందుకుంది. నలభై దాకా వచ్చి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. దేని మీదా ముద్ర వేయలేదు. సెట్టు 32లో అంకె తుడవలేదు.

సెట్లతో లారీ మళ్ళకి వెళ్ళిన గంటకు అచ్యుతరావు గోడతెర ముందు నోరు తెరిచాడు. "ఒక్కటి కూడా అనుమతి అడగదేంది? నలభై సెట్లూ మృతం అంటంది!"

సునంద బల్ల మీదున్న తన సొంత సెట్టు గొంతు పెంచింది.

"తూర్పు గట్టూ, వినపడతందా?" పోతురాజు.

"నీ అరుపుకి సెట్టెందుకు బావా, ఉత్తగానే వినపడతంది!" ఎవరో ఆడమనిషి. వెనక నవ్వులు.

అంతలో గోడలోంచి ప్రధాన కార్యాలయం గొంతు: "శుద్ధి విభాగం. దోషం ఎవరిది? సిబ్బంది సంఖ్య చెప్పండి."

"పాత సెట్లు, చచ్చినయ్యని చెప్తా," అచ్యుతరావు గుసగుసలాడాడు. "నువ్వు మాత్రం నోరెత్తమాక."

సునంద గోడవైపు వీపు తిప్పింది. బల్ల మీది సెట్టు మీట నొక్కింది. మేడ మీది ఏరియల్ ఆమె మాటను తీరమంతా పరిచింది.

"ఇది వీయూ నైన్ ఎస్ ఎన్ డి, సునంద. నలభై సెట్లూ మార్చింది నేనే. నాంచారమ్మత్త సెట్టు నాలుగొందల పన్నెండుసార్లు అడిగింది. ఇక అడగదు."

మీట వదిలి ఊపిరంత జాగా ఇచ్చింది. అవతల ఆపదలో ఎవరైనా ఉంటే మధ్యలో పిలవడానికి ఆ పట్టీలో అందరూ వదిలే ఖాళీ అది.

ఆ ఖాళీలోకి ఒక ముసలి ఔత్సాహికుడి గొంతు వచ్చింది.

"నిజాంపట్నం రేవు నుంచమ్మా. పడవల మీద ఇట్టాంటి సంస్థ సెట్లే రెండొందలున్నయి. ఏ ముడి కొయ్యాలో నిదానంగా చెప్పు, రాసుకుంటన్నాం."