తానులో లేని కూతురు

తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తిన్న సెహరీ గిన్నెలు కడిగి బోర్లించేసరికి హార్బరు వైపు నుంచి సైరను కూసింది. ఖైరున్‌బీ కోడలిని తొందరపెట్టింది.

"షంషాద్, పెందలాడే ఎల్లొచ్చీద్దాం. పది దాటితే సన్యాసిరాజు కొట్లో నిలబడ్డానికి సోటుండదు."

రెహానా వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడింది. భర్త విడాకులిచ్చి పంపాక పుట్టింటికొచ్చిన కూతురు. వచ్చినప్పటి నుంచీ అడిగినదానికే తప్ప నోరు విప్పని పిల్ల, ఆ రోజు తనంతట తనే అడిగింది.

"ఈసారి ఏ రంగు తీద్దామనుకుంటన్నావమ్మీ?"

"సూద్దాంలే" అంది ఖైరున్‌బీ, చెప్పుల కోసం వెతుకుతున్నట్టు కిందికి చూస్తూ.

ఖైరున్‌బీ అత్తగారి కాలం నుంచీ ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. రంజాన్ పండక్కి ఇంటి ఆడవాళ్ళందరికీ ఒకే తానులోంచి బట్ట కోయించాలి. కుర్తా, పాదాల దగ్గర విప్పారే షరారా, పైన దుపట్టా. ఏడాది పొడుగునా చీరలే కట్టే ఖైరున్‌బీ కూడా ఆ ఒక్కరోజు షరారా తొడుక్కుని, నడవడం చేతకాక గోడ పట్టుకుని తిరిగేది. పెళ్ళయి వెళ్ళిన కూతురికి అత్తింటి బట్ట, వచ్చిన కోడలికి ఈ ఇంటి బట్ట. పండగ పూట బట్ట చూసి ఎవరు ఏ ఇంటి మనిషో చెప్పేవాళ్ళు ఆ సందులో.

వన్ టౌన్‌లో సన్యాసిరాజు బట్టల కొట్టు అప్పుడే తెరిచారు. అత్తాకోడళ్ళు కాసేపు వాదులాడుకుని నెమలికంఠం రంగు మీద సన్నటి వెండి బుటాలున్న తాను తేల్చారు. ఎండలో ఒక రంగు, నీడలో ఒక రంగు. సన్యాసిరాజు గజం బద్ద అందుకుని, "నలుగురికే కదమ్మా? రెహానమ్మ వచ్చీసిందంట కదా" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

"ముగ్గురికే" అంది ఖైరున్‌బీ. "నాకు, కోడలికి, మనవరాలికి."

షంషాద్ అత్తగారి మొహంలోకి చూసింది. ఖైరున్‌బీ ఆ చూపు తప్పించుకుని మేడ మెట్లెక్కింది. రెడీమేడ్ బట్టలన్నీ పైనే.

అక్కడ ఆమె మనసు పెట్టి ఎంచింది. ముదురు ఎరుపు పెళ్ళికూతుళ్ళకి. పచ్చ రంగు రెహానా ఒంటికి నప్పదు. చివరికి లేత గులాబీ ఘరారా ఒకటి చేతికి తగిలింది. మెడ చుట్టూ జర్దోసీ పని, మోకాళ్ళ కింద కుచ్చులు మొదలయ్యే చోట గోటా జరీ పట్టీ, అంచుకి ముత్యాలు కుట్టిన దుపట్టా. లోపలి గుడ్డ గుచ్చుకుంటుందేమోనని తిరగేసి బుగ్గకి ఆనించుకుని చూసింది. కూతురు ఇది తొడుక్కుని నడిచొస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటే కడుపు నిండిపోయింది.

"పదేళ్ళయింది నాను మీ ఇంటికొచ్చి" అంది షంషాద్. "నాకెప్పుడూ ఇలాటిది కొన్లేదత్తమ్మా."

"నీకు మొగుడున్నాడు కదే."

నోరు జారిందని అనేశాక గానీ తెలియలేదు. షంషాద్ మెట్లు దిగిపోయింది. దారంతా ఆటోలో ఖైరున్‌బీ తనకి తనే సర్దిచెప్పుకుంది. తప్పేముంది? దువ్వాడ నుంచి సంబంధం వస్తోంది. భార్య పోయిన మనిషి, పిల్లల్లేరు, రైల్వేలో ఉద్యోగం. పండగ రోజున ఆయన అక్క చూడ్డానికొస్తానంది. నలుగురిలో కలిసిపోయే బట్టలో కూర్చుంటే పిల్ల ఎవరి కంటికి ఆనుతుంది?

ఇంటికొచ్చాక మంచం మీద పొట్లాలు విప్పారు. మనవరాలు నజ్మా నెమలికంఠం బట్టని ఒంటికి చుట్టుకుని గెంతింది. రెహానా ఆ బట్ట అంచు వేళ్ళతో పట్టుకుంది.

"బాగుందమ్మీ. నాది దుపట్టా కొంచెం పొడుగ్గా ఉంచమను టైలర్ని."

ఖైరున్‌బీ గులాబీ పెట్టె తెరిచి ముందుకు తోసింది. "నీకు ఇది. దానికన్నా మంచిది తెచ్చాను, సూడు."

రెహానా చూసింది. ముట్టుకోలేదు.

"ఆ తానులో నాకు కొయ్యలేదా?"

"అదేటే, ఇంత ఖరీదైంది తెస్తే..."

"కోసావా, కొయ్యలేదా? అది సెప్పు."

"లేదు" అంది షంషాద్. అత్తగారి బదులు తనే చెప్పేసింది. "దువ్వాడ నుంచి నిన్ను సూడ్డానికి వత్తన్నారు, పండగ రోజున. అందుకు."

రెహానా పట్టుకున్న బట్ట అంచు వదిలేసింది. "నాకు సెప్పకుండానే?"

"సెప్తే ఒప్పుకుంటావా? ఎన్నాళ్ళిలా ఉంటావు? నాను పోతే నిన్నెవరు సూత్తారు?"

"ఉండమని ఎవరన్నారమ్మీ నన్ను? బట్ట కోసిన కాడే తెలిసిపోయింది కదా" అంది రెహానా. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "సుట్టాలకి పెట్టినట్టు పెట్టావు. మంచిదే పెట్టావు. తొడుక్కుంటాన్లే."

ఖైరున్‌బీ ఆఖరి మాటే విని ఊపిరి పీల్చుకుంది. తొడుక్కుంటానంది కదా, చాలు అనుకుంది. తమకి కావలసిన మాటొక్కటే వినిపించే చెవులు కొందరికుంటాయి.

పండగ ఉదయం కొడుకు మస్తాన్ నమాజుకి ఈద్గాకెళ్ళాడు. ఇంట్లో నెయ్యి, సేమియా వేగుతున్న వాసన. ఖైరున్‌బీ, షంషాద్, నజ్మా నెమలికంఠం రంగులో అటూ ఇటూ తిరుగుతున్నారు. రెహానా గులాబీ ఘరారాలో వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. అంత అందంగా ఉంది కూతురు, పెళ్ళినాడు కూడా అలా లేదు. తల్లి వంటింట్లోంచి పిలిచింది.

"రెహానా, జీడిపప్పు డబ్బా ఎక్కడెట్టావే? ఓసారి రా."

"షంషాద్ భాబీకి తెలుసు" అని జవాబొచ్చింది. మనిషి రాలేదు.

కాసేపటికి దాహమేసినట్టుంది. "కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అని అడిగింది వదినని. షంషాద్ గ్లాసు తెచ్చిచ్చి, దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది. ఖైరున్‌బీ అదంతా చూసింది. అలకలే, సాయంత్రానికి పోతుంది అనుకుంది.

పదకొండింటికి దువ్వాడ ఆవిడ వచ్చింది. పెద్దమనిషి, నెమ్మదస్తురాలు. సలాములయ్యాయి. ఆవిడ కూర్చుని, ఇంటివాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని చూసి సంతోషపడింది.

"ఇంటిల్లిపాదీ ఒకే తాను కట్టారే, చూడముచ్చటగా ఉంది. మా అమ్మ కూడా ఇలాగే చేయించేది." తర్వాత గులాబీ ఘరారా వైపు తిరిగి మర్యాదగా నవ్వింది. "మీరు చుట్టాలా అమ్మా? ఏ ఊరు?" అని అడిగి, ఖైరున్‌బీని చూసింది. "మరి మీ అమ్మాయేదీ? లోపలుందా?"

కూతురు అందరి కంటికీ ఆనాలని ఖైరున్‌బీ కొన్న బట్ట అది. కళ్ళెదుట కూర్చున్న కూతుర్ని దాటి ఆవిడ కళ్ళు ఆ ఇంటి పిల్ల కోసం లోపలికి వెతుకుతున్నాయి.

రెహానాయే అందుకుంది. "అవునండీ, చుట్టాన్నే. వాళ్ళమ్మాయి ఈ ఇంటికింకా రాలేదు."

అని లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. ఖైరున్‌బీ దుపట్టాతో మొహం కప్పుకుంది. దువ్వాడ ఆవిడకి ఏమీ అర్థంకాక చేతిలో సేమియా గిన్నె కింద పెట్టింది.

"అది నా కూతురే" అంది ఖైరున్‌బీ, మొహం మీంచి దుపట్టా తీసి. "సంబంధం మాట ఇంక వద్దమ్మా. తప్పు మీది కాదు. సేమియా తాగి ఎల్లండి."

ఆవిడని షంషాద్‌కి వదిలేసి లోపలికెళ్ళింది. రెహానా గోడకి జారబడి నేల మీద కూర్చునుంది. తల్లి ఆ షరారాతో అవస్థపడుతూ ఎదురుగా కూలబడింది.

"సన్యాసిరాజు నలుగురికా అనడిగేడు. ముగ్గురికే అన్నాను" అంది. "నీకు అందులో కోయిస్తే నువ్విక్కడే ఉండిపోతావని నా నోటితో నానే ఒప్పుకున్నట్టయిపోద్దని బయమేసింది. ఇన్నాళ్ళూ నీ కోసం బయపడ్డాననుకున్నాను. కాదే. సందులో వాళ్ళు ఏటంటారోనని."

రెహానా దుపట్టా అంచు ముత్యాలు వేలితో తడుముతూ కూర్చుంది.

"తిట్టవే నన్ను."

"సుట్టాలు తిట్టరమ్మీ. ఇంటోళ్ళు తిడతారు."

"ఇంటిదానివే. నాను కొలవకపోయినా ఇంటిదానివే. తిట్టు."

అప్పుడు రెహానా నోరు విప్పింది. ఆ తర్వాత ఆగలేదు. పద్దెనిమిదేళ్ళకే చదువు మాన్పించి ఎందుకు పెళ్ళి చేశావంది. వాడు కొట్టాడని కబురు పెడితే సర్దుకోమని ఎందుకన్నావంది. తిరిగొచ్చిన రోజున వాకిట్లో నన్ను చూసి, ముందు సందులోకి ఎందుకు చూశావంది. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని మరీ తిట్టింది.

ఖైరున్‌బీ కూతురి జుట్టు నిమురుతూ అన్నీ విన్నది. బయట ఎవరో పండగ సలాములు చెబుతూ తలుపు కొడుతున్నారు. ఆమె లేవలేదు.