వెనకగదిలో సూది

చీకటి పడ్డాక ఆ ఇంటి వెనక సందులో ఇప్పటికీ ఎవరూ నడవరు. ఒకప్పుడు ఆ ఇంటి వెనకగదిలోంచి ఎవరో గుసగుసగా అడిగేవారట — "తెలిసిందా?" ... కాసేపాగి మళ్ళీ — "తెలిసిందా?"

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు పళ్ళ డాక్టరు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, అంతే.

ఆ ఇల్లు డాక్టరుగారి బావది. తాతలు కూడబెట్టిన ఆస్తి ఉంది గనక ఆయన ఏ ఉద్యోగమూ చేయలేదు. కాలేజీవాళ్ళు పిలిచినా వెళ్ళలేదు. "ఒకరి కింద చేరితే వాళ్ళడిగిందే కనిపెట్టాలి" అనేవాడు. వెనకగదిని ప్రయోగశాల చేసుకుని, మనిషి మెలకువగా ఉండగానే నొప్పి తెలియకుండా చేసే మందు కోసం ఏళ్ళ తరబడి వెతికాడు. తిన్నదరక్క చేసే పనులని వీధివాళ్ళు నవ్వేవాళ్ళు.

మందు మింగి, చేయి బల్ల మీద పెట్టేవాడు. భార్య సూదితో గుచ్చి "తెలిసిందా?" అనాలి.

"తెలిసింది అంటేనే ఆపు. పలక్కపోతే మందు పనిచేస్తున్నట్టే." అదీ ఆయన పెట్టిన నియమం.

ఒక రాత్రి ఆయన పలకలేదు. మందు గెలిచిందని ఆవిడ సంబరపడింది. తెల్లారేదాకా గుచ్చుతూనే ఉంది... పోయిన మనిషిని.

తమ్ముడు, అంటే మన డాక్టరు, ఆవిణ్ణి తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆవిడ తిండి మానేసింది. రోజురోజుకీ చిక్కిపోతోంది. ఇలాగే ఉంటే అక్క దక్కదని అతనికి అర్థమైంది. సందులో గుసగుసలు మొదలైందీ అప్పుడే.

ఒక రాత్రి లేచి చూస్తే అక్క మంచం ఖాళీ!

పరుగెత్తాడు. సందులో అడుగు పెట్టగానే వినిపించింది — "తెలిసిందా?"

తలుపు తోశాడు. దీపం వెలుగుతోంది. ఖాళీ కుర్చీ ఎదురుగా అక్క. చేతిలో సూది. ఉత్త బల్లని గుచ్చుతోంది.

దెయ్యం లేదు, ఏమీ లేదు. అక్కే.

"ఇంటికి పద, అక్కా."

"ఆయన పలకలేదురా. ఎలా ఆపను?"

"బావ పోయారే..."

"నాకు తెలీదనుకున్నావా? పలికాకే వస్తాను."

డాక్టరు వెళ్ళి బావ కుర్చీలో కూర్చున్నాడు. చేయి చాచాడు.

"గుచ్చు."

ఆవిడ చాలాసేపు ఆ చేతినే చూసింది. గుచ్చింది.

"తెలిసిందా?"

సూది దిగింది. రక్తపు బొట్టు పైకొచ్చింది. నొప్పి మాత్రం... లేదు.

"అబ్బా! తెలిసిందే అక్కా, తెలిసింది!" అని అరిచాడు — అబద్ధం.

ఆవిడ సూది కింద పెట్టింది. తమ్ముడి భుజం పట్టుకుని ఇంటికొచ్చి, అడిగి మరీ భోంచేసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది.

"బల్ల మీద మందు ఒలికి ఉంటుందిలెండి" అన్నాను నేను. అప్పటికే నోరు సగం మొద్దుబారి మాట వంకర్లు పోతోంది.

"మొద్దుబార్చడం నా వృత్తి, పెద్దాయనా. ఏ మందైనా పూటలో దిగిపోతుంది."

"మరి?"

అతను పట్టకారు అందుకున్నాడు.

"మొన్న పొద్దున అక్క పోయింది. పక్కనే ఉన్నాను." గొంతు ఏమాత్రం మారలేదు. "చూస్తూ కూర్చున్నాను... అప్పుడూ ఎక్కడా నొప్పి పుట్టలేదు. ఊఁ, నోరు తెరవండి."